నాలుగో గదిలో ముప్పై ఎనిమిది రహస్యాలు

"ఈ లోకంలో నేరస్థులు ఇంకా హాయిగా నిద్రపోతున్నారంటే దానికి ఒక్కటే కారణం. నేనింకా ఉద్యోగం మానెయ్యకపోవడం!"

ఆదివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆ ఇంటి అల్లుడు చేసిన ప్రకటన ఇది. ఒక చేతిలో భూతద్దం, రెండో చేతిలో లావుపాటి ఫైలు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పాత కాగితాలు సర్దడం ఆయన ఉద్యోగం. మిగతా సమయమంతా, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, నేర ప్రపంచానికి సింహస్వప్నం. ఈ సింహం కిందటి నెల కళ్ళజోడు పోయిందని ఇంటిల్లిపాదినీ రెండు గంటలు విచారించింది. అందరి వాంగ్మూలాలూ ఆ కళ్ళజోడు పెట్టుకునే రాసుకున్నట్టు తరువాత తేలింది.

"ముందు చెప్పులు విప్పి లోపలికి రా బావా," అన్నాడు బావమరిది నీరసంగా. "నాన్న మనసు అసలే బాగాలేదు."

బాగాలేకపోవడానికి కారణం ఆ ఇంటి వెబ్‌సైట్. రెండేళ్ళ కిందట బావమరిదే దాన్ని కట్టాడు. అమ్మకి ముళ్ళమొక్కల పిచ్చి, అక్కకి ఊలు అల్లకం పిచ్చి, నాన్నకి పాత గోడగడియారాల పిచ్చి. ఒక్కో పిచ్చికి ఒక్కో వెబ్‌సైట్ పెట్టి ఎవడు మోస్తాడని, ముగ్గురినీ ఒకే పేరు కింద, ఒకే ఇంట్లో మూడు గదుల్లా సర్దేశాడు. ఏ గదిలో ఎవరు ప్రశ్న అడిగినా అది ఆ గదివాళ్ళకే చేరుతుంది.

నాన్న నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలై దుకాణం మూసేశాక ఆ ప్రశ్నలే ఆయనకు ప్రాణం. ఆయన జవాబు చెబుతుంటే బావమరిది టైపు చేసేవాడు. అలాంటిది వారం నుంచి ఒక్క ప్రశ్నా లేదు. అమ్మకీ అక్కకీ కూడా రాలేదుగానీ, అమ్మకి మొక్కలున్నాయి, అక్కకి ఊలుంది. నాన్నకేముంది పాపం! బావమరిది గడియారాల గదంతా గాలించాడు. తనే ఒక ప్రశ్న పంపి చూశాడు. 'మీ ప్రశ్న అందింది' అని తెర మీద వచ్చింది. ఎవరికందిందో ఆ దేవుడికే తెలియాలి. వెబ్‌సైట్ కంపెనీకి రాస్తే ఉలుకూ పలుకూ లేదు.

"జనానికి ఇక నాతో పనిలేదురా," అని నిన్న రాత్రి భోజనాల దగ్గర నాన్న తేల్చేశాడు. "రేపు నాలుగింటికి వీధి చివర మెకానిక్ వస్తాడు. పనిముట్ల పెట్టె ఇచ్చేస్తాను. నువ్వా గది మూసెయ్."

ఆ మాట అన్నప్పటి నుంచీ బావమరిదికి ముద్ద దిగడం లేదు.

"అయితే కేసు నాది!" అన్నాడు బావ, అంతా విని. వెంటనే కంప్యూటర్ ముందు మోకాళ్ళ మీద కూలబడి మీటల్ని భూతద్దంలోంచి చూశాడు. "ఆహా! మట్టి! హంతకుడు తోటలోంచి వచ్చాడు."

"అది నా చేతి మట్టి నాయనా," అంది అత్తగారు. "ఇందాకే కుండీలు మార్చాను. అయినా ఎవరు చచ్చారని హంతకుడు?"

"ఇంకా ఎవరూ చావలేదు అత్తయ్యగారూ. అదే నన్ను కలవరపెడుతోంది."

బావమరిదికి ఓ అనుమానం తట్టింది. వారం కిందటే బావ కూడా 'నేర పరిశోధన' అంటూ అదే వెబ్‌సైట్‌లో నాలుగో గది పెట్టుకున్నాడు. తనే కట్టుకుంటానని మారాం చేసి పాస్‌వర్డ్ పట్టుకుపోయాడు కూడా.

"బావా, నిజం చెప్పు. అప్పుడు ఎక్కడైనా ఏదైనా నొక్కావా?"

"నేను నొక్కేది నేరస్థుల పీకలు మాత్రమే!"

"మరి ఆ ఫైలేంటి?"

బావ దాన్ని గుండెలకు హత్తుకున్నాడు. "అతి రహస్యం. వారం రోజులుగా ఒక భయంకరమైన ముఠా నా గదికి సంకేత భాషలో ఉత్తరాలు పంపుతోంది. సమయం వచ్చినప్పుడు చెప్తాను."

"ఆ సమయమేదో ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా పాటిస్తే బాగుండు," అంది ఆయన భార్య అయిన అక్క, అల్లిక సూదుల మీంచి తలెత్తకుండా.

సరిగ్గా నాలుగింటికి సంచి పట్టుకుని మెకానిక్ వచ్చాడు. నాన్న పెట్టెను బల్ల మీద పెట్టి, మూత మీద ఓసారి చెయ్యి వేసి తీసేశాడు. బావమరిది తల తిప్పుకున్నాడు.

మెకానిక్ పెట్టె అందుకోబోతుండగా ధడాలున తలుపు మూసుకుంది. బావ గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవరూ కదలొద్దు! ముఠా మనిషి దొరికాడు!"

"నేను సైకిల్ బయట పెట్టొచ్చానండీ, తాళం వెయ్యలేదు," అన్నాడు మెకానిక్ బిక్కచచ్చిపోయి.

"ఇక నీకు సైకిల్‌తో పనిలేదు. వినండి!" బావ ఫైలు తెరిచి, గొంతు బొంగురు చేసుకుని చదివాడు. "మొదటి సందేశం. 'ఒంటినిండా తెల్లటి పొడి. కోసెయ్యమంటారా?' చూశారా? మత్తుమందు, పైగా హత్య!"

"అయ్యయ్యో, కొయ్యకూడదు," అంది అత్తగారు కంగారుగా. "అది మొక్కలకి పట్టే పిండినల్లి. సబ్బునీళ్ళలో దూది ముంచి తుడిస్తే పోతుంది."

బావ ఆమె వంక జాలిగా చూసి పేజీ తిప్పాడు. "రెండు. 'మొత్తం ముప్పై రెండు ఉండాలి. ఒకటి తప్పిపోయింది. ఎక్కడ వెతకాలి?' పట్టపగలు అపహరణ!"

"కింది వరస దాకా విప్పితే దొరుకుతుంది," అంది అక్క. "కుట్టు జారితే ఎక్కడికి పోతుంది?"

"మధ్యలో మాట్లాడకు! మూడు. 'పన్నెండింటికి మోగాల్సింది మోగలేదు. టిక్కుటిక్కుమని ఆగిపోతోంది.' బాంబు!"

నాన్న కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"గోడకి తిన్నగా ఉండి ఉండదు," అన్నాడు మెల్లగా. "కింద సన్నటి అట్టముక్క పెట్టి చూడమను. అప్పటికీ ఆగితే లోలకం కొక్కెం వంగిందన్నమాట. ఇంకా ఉన్నాయా?"

బావమరిది ఒక్క గంతులో ఫైలు లాక్కున్నాడు. ముప్పై ఎనిమిది ఉత్తరాలు. గడియారాలవే ఇరవై రెండు. మధ్యలో తను పంపినది కూడా ఉంది, 'పరీక్ష. అందుతోందా?' అని. దాని పక్కన ఎర్ర సిరాతో బావ రాసుకున్నాడు: 'ముఠా నాయకుడు. పరమ కిరాతకుడు.'

"బావా! గది కట్టేటప్పుడు 'అన్ని ప్రశ్నలూ ఈ చిరునామాకే' అన్నచోట టిక్కు పెట్టావా?"

"పెట్టనూ మరి? ఒక్క ఆధారం కూడా చెయ్యిజారకూడదని..."

అక్క చేతిలో సూదులు ఆగాయి. బావమరిదికి తిట్టాలో నవ్వాలో తెలియక, రెండూ ఒకేసారి చేసేశాడు.

నాన్న మాత్రం ఎవర్నీ పట్టించుకోలేదు. పెట్టెను ఒళ్ళోకి లాక్కుని, "నువ్వేం అనుకోకు బాబూ, ఇప్పుడివ్వడం కుదరదు. పనుంది," అన్నాడు. సైకిల్ బెంగలో ఉన్న మెకానిక్ సరేసరే అంటూ గడియ తీసుకుని పరుగెత్తాడు. "అల్లుడూ, కూర్చో. తరవాతది చదువు."

బావ బుద్ధిగా పీట వేసుకుని చదివాడు. నాన్న చెప్పాడు, బావమరిది టైపు చేశాడు. చీకటి పడేలోపు ఇరవై రెండింటికీ జవాబులు వెళ్ళిపోయాయి.

అమ్మవీ అక్కవీ వాళ్ళకిచ్చేశాక ఫైలులో అట్టడుగున ఇంకో కాగితం మిగిలింది. అది మాత్రం నిజంగా నాలుగో గదికే వచ్చింది. అక్షరాలన్నీ రెండేసిసార్లు పడ్డాయి. అంతటి గూఢలిపి ఛేదించలేక బావ దాన్ని పక్కన పెట్టేశాడు. బావ భుజం మీదుగా బావమరిది తొంగిచూశాడు. వణికే వేలు ఒక మీటను రెండుసార్లు తాకితే అలాగే పడుతుందని అతనికి వెంటనే తెలిసింది. అందులో ఇలా ఉంది: 'డిటెక్టివ్ గారికి. నాకు ఉత్తరాలు రావడం లేదు. నేను ఎవరికీ అక్కర్లేదేమో కనుక్కోగలరా? ఇంట్లో చెప్పకండి.'

బావ ఆ కాగితం వంకా, మామగారి చేతుల వంకా చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎవరూ చెప్పకుండానే ఒక సంగతి అర్థమైంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"ఆఖరిది చదవలేదేం?" అన్నాడు నాన్న, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఆ కేసు ముగిసింది మామయ్యగారూ."

"అలాగా! ఎవరు తేల్చారు?"

బావ భూతద్దం పైకెత్తి ఠీవిగా నిలబడ్డాడు. "నేనే!"

బావమరిది నోరు తెరవబోయి, నాన్న ముఖం చూసి ఊరుకున్నాడు. పాస్‌వర్డ్ మాత్రం ఆ సాయంత్రమే మార్చేశాడు.