రంగు మారిస్తే రంగే చూడాలి!

సాఫ్ట్‌వేర్‌లో పిసరంత మార్పు చేసినా పాత టెస్టులన్నీ మళ్ళీ నడపాలనేవాళ్ళు మానవజాతికి శత్రువులు! పదిహేనేళ్ళుగా టెస్టర్‌గా పనిచేస్తున్నాను. నా మాట నమ్మండి.

మా ఆఫీసులో అలాంటి టెస్టులు పద్దెనిమిది వందలున్నాయి. అన్నీ నడిపితే రెండు రోజులు. గోడకు మేకు కొట్టినప్పుడల్లా పునాది తవ్వి చూసుకుంటామా? ఏవి నడపాలో ఏరుకోవాలి. ఏరుకోవడం ఓ కళ. అది మా మేనేజరుకు పుట్టుకతోనే అబ్బింది.

మొన్న మంగళవారం ఆస్పత్రి టోకెన్ల ప్రోగ్రాంలో ‘తర్వాతి పేషెంట్’ బటన్‌ను మా ప్రోగ్రామరు నీలం నుంచి ఆకుపచ్చకు మార్చాడు. పనిలో పనిగా లోపల కోడ్‌లో రెండు లైన్లు కూడా సర్దాడు.

“టోకెన్ల టెస్టులు కూడా నడుపుదామండీ. గంటన్నర పని” అన్నాను.

“మార్చింది రంగేగా! రంగు చూడండి, చాలు. మీకు అన్నీ అనుమానాలే!” అన్నాడు మేనేజరు.

చూశాను. పచ్చగా ఉంది. పాస్!

గురువారం పొద్దున కొత్త ప్రోగ్రాం ఆస్పత్రిలో మొదలైంది. ఆ రోజే మా పిన్ని మోకాలు చూపించుకోవడానికి అదే ఆస్పత్రికి వెళ్ళింది. టోకెన్ పందొమ్మిది. బోర్డు మీద పదహారు వెలిగింది, పద్దెనిమిది వెలిగింది, ఆ తర్వాత ఇరవై! పెద్ద ఆస్పత్రి కదా, ఏదో లెక్క ఉంటుందిలే అని పిన్ని సర్దుకు కూర్చుంది. మధ్యాహ్నం దాకా సర్దుకుంటూనే ఉంది. చివరికి పక్కవాళ్ళ నంబర్లు అడిగింది. ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై అయిదు. అంతా బేసి సంఖ్యలవాళ్ళే!

కుంటుకుంటూ కౌంటరు దాకా వెళ్ళి, “అమ్మాయ్, మీ బోర్డు ఒకటి విడిచి ఒకటి పిలుస్తోందే!” అని చెప్పింది. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

“చేసినవాడు ఒక్కసారైనా నొక్కి చూసుకోడట్రా?”

“ఎవడో బాధ్యత లేని మనిషి, పిన్నీ” అన్నాను.

మర్నాడు మీటింగులో మేనేజరు మెరిసిపోయాడు. “తప్పు ఒక్క పూటలో దొరికిపోయింది! మన పద్ధతి ఎంత చురుకైనదో చూశారా?” అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

అందుకే అపార్థం చేసుకోకండి. మేం ఏ టెస్టునూ ఎగ్గొట్టం. ఏరుకున్నవి ఏసీ గదిలో కూర్చుని మేం చేస్తాం. మిగిలినవి, టోకెన్ చేతబట్టుకుని, చెక్క బెంచీ మీద కూర్చుని, మీరు చేస్తారు!