సత్యారావు ఇంట్లో ఉండొచ్చు

ఆ రోజు పొద్దున సత్యారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చద్దన్నం తిని, గుమ్మంలో కూర్చుని, రేవులోకి వచ్చే ఓడ ఎంత లేటో చూసి, దాన్ని తీరిగ్గా తిట్టుకోవాలి. ఆ దీవి రేవులో, హాడో వార్ఫు మీద, ముప్ఫై ఏళ్ళు సరుకు మోసిన మనిషికి ఓడల్ని తిట్టే హక్కు ఉంటుందని అతని నమ్మకం. భార్య దేముడమ్మ కూరలకి అబర్డీన్ బజారు వెళ్తూ ఒక్క మాటే చెప్పింది.

"నానొచ్చేదాకా బరువులేటీ ఎత్తకు. మళ్ళీ నడుం పట్టేత్తాది."

"నాకేటి పని, ఎత్తడానికి?" అన్నాడు సత్యారావు. అప్పటికి అది నిజమే.

ఓడ ఇంకా కనబడలేదు గాని పక్కింటి బంగారురాజు కనబడ్డాడు. గోల్ ఘర్ టీ కొట్టు నుంచి మెట్లెక్కి వస్తున్నాడు. బంగారురాజుకి తెలియని విషయం లేదు. సగం తెలిసిన విషయాలైతే మరీ ఎక్కువ.

"బావా, ఆఫీసు నుంచి మేడం బయల్దేరింది. పింఛనోళ్ళ ఇల్లిల్లూ తిరిగి సూత్తందట. చెకింగ్."

"సూత్తే సూడనీ. నాను ముసలోణ్ణి కాదంటాదా?"

"ముసలోడివే. గరీబువా కాదా, అది సవాల్. ఇంట్లో ఫ్రిజ్ ఉందంటే నామ్ కట్. సీదా కట్."

సత్యారావు మెల్లిగా వెనక్కి తిరిగి చూశాడు. వంటగది మూల ఎర్ర ఫ్రిజ్ గుర్రుగుర్రుమంటోంది. దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేసే కొడుకు చక్రి కిందటేడు కొనిచ్చాడు. నిన్నటిదాకా దాని చప్పుడు వినడానికి సంతోషంగా ఉండేది.

పింఛనంటే అతనికి డబ్బు మాత్రమే కాదు. ముప్ఫై ఏళ్ళు రోజుకూలీగా మోశాడు గాని, వార్ఫులో ఏ రిజిస్టరులోనూ అతని పేరు ఎక్కలేదు. అరవై దాటాక, మొదటిసారి ఒక సర్కారు కాగితం మీద సత్యారావు అని అచ్చులో పడింది. పింఛను పడ్డ రోజున భార్యని బజారుకి తీసుకెళ్ళి, ఎవర్నీ అడక్కుండా జిలేబీ కొనిపెడతాడు. ఆ పేరు కొట్టేస్తారంటే అతనికి నిజంగా భయం వేసింది.

"తాడు తే," అన్నాడు.

సరుకు కట్టడం మాత్రం సత్యారావు మర్చిపోలేదు. ఫ్రిజ్ చుట్టూ రెండు చుట్లు తాడు బిగించి, పొడవాటి గెడకి వేలాడదీసి, ముందు తను, వెనక బంగారురాజు, భుజానికెత్తారు. "ఆరియా, ఆరియా," అని వార్ఫులో క్రేను దింపించినట్టే తనకి తనే చెప్పుకుంటూ, మెట్లు దిగి, కింద ఇంటి కాళమ్మ దగ్గర దింపాడు. నడుం చిన్నగా పలికింది. పట్టించుకోలేదు.

వెనక్కి వచ్చి చూస్తే టీవీ కనబడింది. అదీ దిగింది. తర్వాత మిక్సీ, గిన్నెలు, ట్రంకుపెట్టె, నవారు మంచం. గోడకి చక్రి వేయించిన గులాబీ రంగు మరీ కొత్తగా ఉందని బంగారురాజు అభ్యంతరం చెబితే, దాని మీద పాత వల కప్పారు. తొడుక్కున్న చొక్కాని కూడా బంగారురాజు అదోలా చూస్తే, సత్యారావు అదీ విప్పేసి, పడవకి తారు పూసేటప్పుడు కట్టే చిరుగు లుంగీ కట్టుకున్నాడు.

"ఇప్పుడు పక్కా గరీబు," అన్నాడు బంగారురాజు తృప్తిగా.

ఇంతలో కింద నుంచి కాళమ్మ కేక వినబడింది. ఆవిడా విధవ పింఛను తీసుకునే మనిషే. ఆ సంగతి ముగ్గురికీ అప్పుడే గుర్తొచ్చింది.

"అన్నియ్యా, నా ఇంట్లో ఇప్పుడు రెండు ఫ్రిజ్‌లు! ఒకటుంటే నామ్ కట్ అయితే, రెండుంటే జైలేనా ఏటి?"

అందులో న్యాయం ఉంది. కాబట్టి సామానంతా మెట్ల చివర, అట్టడుగున ఉన్న జోగులు ఇంటికి చేర్చాలని నిర్ణయమైంది. జోగులుది కరెంటాఫీసులో పర్మినెంటు నౌకరీ. ఎన్ని ఫ్రిజ్‌లున్నా అడిగేవాళ్ళు లేరు. ముందు ఎర్రది, దాని వెనక టీవీ, మంచం, మిగతావీ దిగాయి. ఆ తర్వాత కాళమ్మ ఆకుపచ్చ ఫ్రిజ్‌ని గెడకి కట్టి సగం మెట్లు దిగారో లేదో, కింద నుంచి భుజాన బ్యాగు, చేతిలో ఫైలుతో ఒకమ్మాయి ఎక్కుతూ ఎదురైంది. పింఛన్ల ఆఫీసు నుంచి వచ్చిన ఆ అమ్మాయి పేరు స్వాతి.

"బాబా, సత్యారావు కా ఘర్ కిధర్ హై?"

నేనే అనబోయాడు. కాని నేనే అంటే, ఈ ఫ్రిజ్ ఎవరిదని అడుగుతుంది.

"ఊపర్. నీలం తలుపు," అన్నాడు, మొహం గెడ చాటుకి తిప్పుకుని.

"తెలుగోళ్ళేనా? ఆయన ఇంట్లో ఉన్నారా?"

సత్యారావు ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఉండొచ్చు," అన్నాడు.

స్వాతి పైకి వెళ్ళింది. భుజం మీద ఫ్రిజ్ ఉన్నవాడు వెనక్కి తిరగలేడు. ముందు దించాలి. అది జోగులు గుమ్మంలో ఇరుక్కుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి లోపల పెట్టి, రొప్పుతూ పైకెక్కేసరికి, స్వాతి తన ఇంటి ముందు నిలబడి ఫైల్లో రాస్తోంది.

"ఏటి రాత్తన్నారమ్మా?"

"ఈ ఇంట్లో ఎవరూ ఉంటున్నట్టు లేదు. మంచం లేదు, గిన్నె లేదు, గోడకి వల ఒకటి వేలాడుతోంది. కింద ఇంటావిడ్ని అడిగితే, తనకేమీ తెలీదు, ఏ సామానూ చూడలేదంది. ఖాళీ చేసి వెళ్ళిపోయారని రాస్తున్నా. పేరు తీసేస్తారు."

సత్యారావు గబగబా ముందుకొచ్చాడు. "నానేనమ్మా సత్యారావుని."

స్వాతి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఇందాక నేనడిగితే ఉండొచ్చు అన్నారు కదా."

"ఇందాక పక్కాగా తెలీలేదు."

"సామాన్లు మోసే ఆయన కదా మీరు? సరే, ఆధార్ చూపించండి. పింఛను పాసుబుక్కైనా ఫర్వాలేదు."

కాగితాలు ఎక్కడుంటాయో సత్యారావుకి పెళ్ళయిన నాటి నుంచీ తెలియదు. దేముడమ్మ దాస్తుంది, దేముడమ్మే తీస్తుంది. అతను ఖాళీ గదిలోకి చూశాడు. గదిలో వెతకడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అప్పుడే దేముడమ్మ రెండు సంచులతో మెట్లెక్కి వచ్చింది. తలుపులోంచి లోపలికి చూసి సంచులు కింద పెట్టేసింది.

"దొంగలు పడ్డారేటి? ఫ్రిజ్ ఏదయ్యా?"

సత్యారావు కళ్ళతో సైగ చేశాడు. ఆవిడకి సైగలు పట్టించుకునే ఓపిక లేదు.

"మన కాయితాలన్నీ దాన్లోనే ఉన్నాయి. ఆదారు, రేషన్ కార్డు, నీ పింఛను బుక్కు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో సుట్టి కూరల డబ్బా కింద పెట్టేను. ఈ వానలకి, సెమ్మకి, ట్రంకులో పెడితే బూజెక్కేత్తన్నాయి. ఏదీ ఫ్రిజ్?"

స్వాతి పెన్ను ఆపి సత్యారావు వైపు చూసింది. బంగారురాజు తన ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఫ్రిజ్ తనది కాదంటే, తను సత్యారావు కాకుండా పోతాడు. తనదే అంటే, పింఛను పోతుంది. పింఛను పోతే చక్రిని అడగొచ్చు. కాని బతికుండగా సొంత ఇంట్లో లేనివాడు కావడం అతని వల్ల కాలేదు.

"నాదేనమ్మా ఆ ఫ్రిజ్," అన్నాడు తలొంచుకుని. "ఎర్రది. కింద జోగులింట్లో దాసేను. టీవీ కూడా నాదే. మిక్సీ మా ఇంటిదానిది. పేరు కొట్టేత్తే కొట్టేయండి గాని, నాను లేనని మాత్రం రాయకండి."

ముగ్గురూ దిగారు, వెనక కాళమ్మ. జోగులు గదిలో మూడు ఫ్రిజ్‌లు, రెండు టీవీలు, ఒక మంచం, వాటి మధ్య ఎటూ కదల్లేక జోగులు. దేముడమ్మ ఎర్ర ఫ్రిజ్ తెరిచి, ములక్కాడలు పక్కకి తోసి కవరు తీసింది. స్వాతి ఫోటో చూసింది, సత్యారావుని చూసింది, ఫైల్లో రాసింది కొట్టేసింది. ఆ తర్వాత ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"తాతా, ఈ ఫారంలో ఫ్రిజ్ కాలమే లేదు. రెండే ప్రశ్నలు. మనిషి బతికున్నాడా, ఇదే ఇంట్లో ఉంటున్నాడా. అంతే."

సత్యారావు మంచం మీద కూలబడ్డాడు. ఎంత ఊరట కలిగిందంటే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాళమ్మ తన ఆకుపచ్చ ఫ్రిజ్‌కి గబగబా దణ్ణం పెట్టింది.

"మరి పేరు?"

"పేరెక్కడికీ పోదు. మీరే పోయారు ఇంట్లోంచి. ఫోటో మాత్రం మీ ఇంట్లోనే తీయాలి. ఖాళీ గదిలో తీస్తే పైవాళ్ళు నమ్మరు. సామాను పెట్టించండి, ఈలోగా కాళమ్మగారి పని చూస్తా."

బంగారురాజుని తలుపు కొట్టి బయటికి లాగారు. ఎర్ర ఫ్రిజ్ మళ్ళీ గెడకెక్కింది. సత్యారావు చొక్కా తొడుక్కుని, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మొదటి ఫోటోలో కళ్ళు మూసుకున్నాడు. బతికున్నట్టు రుజువు కాబట్టి, స్వాతి ఇంకోటి తీసింది.

సాయంత్రానికి నడుం పట్టేసింది. వేడి నూనె రాస్తూ దేముడమ్మ అడిగింది. "బరువులెత్తొద్దని సెప్పేనా లేదా?"

"నానెత్తలేదు," అన్నాడు సత్యారావు, దిండులోకి మొహం పెట్టి. "ఆ టైముకి సత్యారావు ఇంట్లో లేడు. మేడం రాసుకుంది కూడా."