పిడుగు మెత్తబడిన వైనం

ఒక పెద్ద అడవిలో, పులి కూడా దారి మార్చుకుని పోయేంత గోల చేసే రాక్ బ్యాండ్ ఒకటుండేది. పేరు ‘పిడుగు’. బోదురుకప్ప భేకయ్య పాడేవాడు. కీచురాయి గిటారు వాయించేది. వడ్రంగిపిట్ట టకటకమ్మ ఎండుమాను మీద డ్రమ్స్ కొట్టేది. వాళ్లు మొదలుపెడితే కుందేళ్లు ఒళ్లు మరిచి గెంతేవి.

భేకయ్యకు అభిమానులకు కొదవలేదు. లేనిదల్లా కళాపరిషత్తు శాలువా. ఆ దిగులు వాడిని తొలిచేస్తుండేది.

ఒకనాడు పరిషత్తు అధ్యక్షుడు కొండచిలువగారు స్వయంగా పాక్కుంటూ వచ్చారు.

“ప్రతిభ ఉంది నాయనా, పరిణతే లేదు. మెల్లగా, మెత్తగా, జోకొట్టినట్టు ఒక ఆల్బం చెయ్యి. శాలువా నా చేత్తో కప్పుతాను,” అన్నారు, చేతులు లేని అధ్యక్షులవారు.

“మన పాటకు జనం నిద్రపోతే ఇంకేం పరువు?” అంది టకటకమ్మ.

“నీకు ఎదగాలని లేదు. ఇకమీదట ఈకతో ఆకు నిమురు, చాలు,” అన్నాడు భేకయ్య.

‘నిశ్చలం’ ఆల్బం విడుదల సభకు అడవంతా వచ్చింది. మొదటి పాటలో మూడే మాటలు, అరగంట నిడివి. విమర్శకులైన కొంగలు “మౌనానికి కొత్త వ్యాకరణం!” అని మెచ్చుకుని కునుకు తీశాయి. రెండో పాటకు కుందేళ్లు ఒరిగాయి.

మూడో పాటలో భేకయ్య కళ్లు తెరిచి చూస్తే ముందు వరుస ఖాళీ. అధ్యక్షులవారి పొట్ట ఉబ్బి ఉంది.

“ముందు వరుసవాళ్లేరండీ?”

“లీనమైపోయారు,” అన్నారు ఆయన త్రేనుస్తూ. “ఆపకు. ఇంకో చరణం.”

భేకయ్యకు అంతా అర్థమైంది. అయినా అధ్యక్షులవారి పక్కనున్న శాలువా వైపు చూసి, ఇంకో చరణం పాడాడు.

టకటకమ్మ ఈక విసిరికొట్టి ఎండుమాను మీద విరుచుకుపడింది. టకటకటక! మిగిలిన కుందేళ్లు లేచి పరుగో పరుగు.

మర్నాడు కొంగల సమీక్ష వచ్చింది: “అద్భుతమైన సభను డ్రమ్మరు అపరిపక్వత పాడుచేసింది.”

కుందేళ్లు టకటకమ్మ వెంట వెళ్లిపోయాయి. కీచురాయీ అటే పోయింది.

నెలకు భేకయ్యకు సన్మానం జరిగింది. సభలో ఉన్నది ఇద్దరే. శాలువా కప్పడానికి అధ్యక్షులవారు దగ్గరికి వచ్చారు. మరీ దగ్గరికి వచ్చారు.

నీతి: నిద్రపుచ్చేదే కళ, మేలుకొలిపేదంతా వట్టి గోల.