ఉత్తర్వులో లేని వాసన

ఒక పెద్ద అడవిలో రోడ్డు సరిగా లేదు కానీ, రవాణా శాఖ మాత్రం దివ్యంగా ఉండేది. దాని కార్యదర్శి నక్క.

స్కూలు బస్సు డ్రైవరు భల్లయ్య అనే ఎలుగుబంటి. ఇప్పపువ్వు తిని మత్తులో తోలుతున్నాడని గోల పుట్టడంతో నక్క ఉత్తర్వు జారీ చేసింది. రోజూ పొద్దున్నే రేచుకుక్క డ్రైవర్ల నోరు వాసన చూడాలి. ఇప్పవాసన వస్తే ఉద్యోగం ఊడుతుంది.

భల్లయ్య ఇప్పచెట్టుకో దణ్ణం పెట్టి గంజాయి మొక్క దగ్గరికి నడిచాడు.

మర్నాడు రేచుకుక్క ముక్కు చిట్లించింది. "అయ్యా, ఇంకేదో వాసనొస్తోందండి."

"ఉత్తర్వులో ఉన్న వాసనేనా?" అంది నక్క.

"కాదండి."

"అయితే అది వాసనే కాదు. పో."

ఆ వారమే బస్సు పుట్టెక్కింది. చెవులమ్మ అనే కుందేలు పెద్దకూతురికి చెవి చీలింది. తల్లి ఏడుస్తూ వచ్చి డ్రైవర్ని నిలదీసింది.

"భయపడకు చెల్లెమ్మా," అన్నాడు భల్లయ్య ఎర్రటి కళ్లతో. "గంజాయి పీలిస్తే నేనింకా నిదానంగా తోలతాను. మలుపు ఎక్కడో ఉండగానే కనపడుతుంది."

"కనపడితే సరా అన్నా, తిప్పొద్దూ?"

"తిప్పుదాంలే. తొందరేముంది?"

చెవులమ్మ నక్క దగ్గరికి పరిగెత్తింది. "ఇప్పమత్తు కేసు కాదమ్మా ఇది," అంది నక్క. "తప్పు పుట్టది. దానికి నోటీసిచ్చాం."

ఏడాది చివర ఇప్పమత్తు ప్రమాదాలు సున్నా అని తేలింది. సింహం సభ పెట్టి నక్కకు శాలువా కప్పింది. అప్పుడు చెవులమ్మ లేచింది.

"మహారాజా, ఇంత భద్రమైన బస్సులో మా పిల్లలేనా తిరగడం? తమరూ కార్యదర్శిగారూ ఒక్కసారి ఊరేగండి."

సింహం మురిసిపోయింది. నక్కకు ఆ బస్సు సంగతి తెలుసు, కానీ శాలువా భుజం మీద ఉండగా వద్దనడం ఎలా? చెవులమ్మ మాత్రం తన పిల్లల్ని నడిపించుకుని ఇంటికి పోయింది.

బస్సు కదిలింది.

"భల్లయ్యా, మలుపొస్తోంది!" అని అరిచింది నక్క.

"రానీండి సార్."

మలుపు వచ్చింది, వెళ్లిపోయింది కూడా. బస్సు తిన్నగా బురదగుంటలో దిగింది.

జూలు నిండా బురదతో సింహం లేచి, "ఏమిటిది?" అని గర్జించింది.

నక్క అలవాటు కొద్దీ, "ఇప్పవాసన లేదు కనక ఇది ప్రమాదం కిందికి రాదు ప్రభూ," అంది.

భల్లయ్య ఉద్యోగం అక్కడే ఊడింది. స్కూలు బస్సు ముందు సీటు ఇకనుంచి కార్యదర్శిదేనని సింహం ఆజ్ఞాపించింది. ఇప్పుడు రోజూ నక్కే కొత్త డ్రైవరు కళ్లలోకి తొంగి చూస్తోంది. ఏ వాసనొచ్చినా బస్సు కదలనివ్వడం లేదు.

నీతి: పిల్లలు క్షేమంగా బడికి చేరాలంటే, బస్సులో ముందు అధికారుల్ని ఎక్కించాలి.