మధ్యలో తెలుపు

రెండు పార్టీలు ఒక్కటవుతున్నాయని, ఆ ఐక్యత చరిత్రలో నిలిచిపోయేలా ఒక ఉమ్మడి గుర్తును సాయంత్రం సభలో ఆవిష్కరిస్తామని మంత్రిగారు ఉదయం ప్రకటించారు. గుర్తు ఎలా ఉంటుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. చరిత్ర అలాగే తయారవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

తయారైంది మా బాబాయి షాపులో. బాబాయి కంప్యూటర్లో బొమ్మలు గీసి, మిషన్ మీద బోర్డులు కోస్తాడు. సెలవుల్లో మౌస్ నేను పట్టుకుంటాను, మాటలు ఆయన చూసుకుంటాడు. రోడ్డు వెడల్పు కోసం మా వీధిని కొట్టేస్తారని కొంతకాలంగా అనుకుంటున్నారు. గుర్తు గీయించుకోడానికి మిత్రపక్షం అధ్యక్షులవారినీ, పీఏనూ వెంటబెట్టుకుని షాపుకొచ్చిన మంత్రిగారు కుర్చీలో సర్దుకోకముందే బాబాయి చేతులు కట్టుకుని ఆ సంగతి అడిగాడు.

"గుర్తు బాగా కుదిరితే మీ వీధి జోలికి ఎవడూ రాడయ్యా. నా మాట!"

అంత పెద్దమనిషి అంత ఇరుకు షాపులో మాటివ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మంత్రిగారి పార్టీది వంగపండు రంగు గుండ్రం. మిత్రపక్షం అధ్యక్షులవారిది ఇటుక రంగు చతురస్రం. రెండూ తెరమీద పెట్టి, అంచులు ఒకదానిమీద ఒకటి పడేలా జరిపాను.

"మాది వెనకాల పడిందేంటి?" అన్నారు అధ్యక్షులవారు.

"ఒకటి ముందుంటే ఇంకోటి వెనకే కదండీ," అన్నాడు బాబాయి.

"అదే, ఎందుకని అడుగుతున్నా."

"రెంటినీ కలిపేయమ్మా," అన్నారు మంత్రిగారు పెద్దమనసుతో.

కలిపే బటన్ నొక్కాను. రెండూ ఒకే ఆకారమై, మొత్తం వంగపండు రంగుకి తిరిగిపోయింది. ముందున్నదాని రంగే మిగలడం ఆ బటన్ పద్ధతి.

"ఆహా! ఐక్యతంటే ఇదీ!"

"మా రంగేదీ?"

"కలిశాక ఇంకా మీ రంగు, మా రంగు ఏంటి బావగారూ?"

"అయితే మొత్తం మా రంగే వేయించండి."

మంత్రిగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

పీఏ చురుకైనవాడు. "ముందున్నదాన్ని తీసేసే బటన్ ఉందటగా పాపా? మళ్ళీ విడదీసి అది నొక్కు. ముందూ వెనకా గొడవే ఉండదు."

నొక్కాను. గుండ్రం పోయింది. పోతూ పోతూ చతురస్రాన్ని ఒక మూల కొరుక్కుని పోయింది. అధ్యక్షులవారు కొరికిన మూలను చూశారు. మంత్రిగారు పీఏను చూశారు. పీఏ ఫ్యాను చూశాడు.

"ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది మాత్రం ఉంచు తల్లీ. మన ఉమ్మడి కార్యక్రమం జనానికి తెలియాలి," అన్నారు మంత్రిగారు.

మళ్ళీ రెంటినీ మొదటికి తెచ్చి, ఆ బటన్ నొక్కాను. గోరంత ముక్క మిగిలింది.

"మిగతాదేదీ?"

"ఉమ్మడిగా ఉన్నది ఇంతేనండీ," అన్నాడు బాబాయి.

ఇక ఒక్కటే బటన్ మిగిలింది. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడ్డ చోట అది ఇద్దర్నీ తీసేస్తుంది. మిగతాది ఎవరిది వారికి. నొక్కి, ఎవరి రంగు వారికి పోశాను. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. మధ్యలో తెల్లగా మెరిసింది.

"తెలుపు! శాంతి!" అన్నారు మంత్రిగారు.

"స్వచ్ఛత!" అన్నారు అధ్యక్షులవారు. "ఇంకాస్త పెంచమ్మా."

రెంటినీ ఇంకా దగ్గరికి జరిపాను. శాంతి పెరిగింది.

"అది తెలుపు కాదండీ, ఖాళీ," అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

బాబాయికి వినపడింది. "అవునండీ. వెనకున్న తెర తెల్లగా ఉండబట్టి అలా కనిపిస్తోంది. బోర్డు కోస్తే అక్కడ కన్నం పడుతుంది."

"టెక్నికల్ విషయాలు నాకెందుకయ్యా? నీకు వీధి కావాలా, వద్దా?"

బాబాయి మిషన్ ఆన్ చేశాడు.

సాయంత్రం మైదానం నిండింది. బాబాయి, నేనూ జనంలో కూర్చున్నాం. రెండు నిలువుల ఎత్తు బోర్డుకు ముసుగు వేసి వేదికమీద నిలబెట్టారు. ముసుగు తీయగానే నాయకులిద్దరూ దాని వెనకనుంచి చేయీ చేయీ పట్టుకుని రావాలి. కాలరు మైకులు కూడా పెట్టేశారు. బ్యాండు మోగింది, ముసుగు జారింది.

కిటికీ అంత కన్నంలోంచి ఇద్దరూ కనిపించారు. భుజం భుజం ఆనించి, బల్లమీద పరిచిన మ్యాపులో తల దూర్చి ఉన్నారు.

"రోడ్డు పని కాంట్రాక్టు ఇక్కడిదాకా మావాళ్ళకి," అన్న మంత్రిగారి మాట మైదానమంతా వినిపించింది.

"ఇక్కణ్ణించి మావాళ్ళకి. ఇదిగో, ఈ బోర్డుల షాపు వీధి రెండు గీతల్లోనూ పడింది బావగారూ."

"అది నాది."

"ఎలా? నాది."



"పొద్దున ఆ పిల్ల చేసినట్టు చేద్దామా?" అన్నారు మంత్రిగారు. "ఇద్దరికీ పడిన వీధిని మొత్తం కొట్టేసి ఖాళీగా వదిలేద్దాం. మీదీ కాదు, మాదీ కాదు."

"శాంతి!" అన్నారు అధ్యక్షులవారు. ఇద్దరూ చేతులు కలిపారు.

"ఇంతటి పారదర్శకత ఎక్కడైనా చూశారా!" అని వ్యాఖ్యాత గొంతెత్తాడు. మైదానం చప్పట్లతో మారుమోగింది. ఆ పిల్ల నేనే కాబట్టి పక్కవాళ్ళు నావైపు గర్వంగా చూశారు.

బాబాయి లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"పదమ్మా. మిషన్ విప్పాలంటే చాలాసేపు పడుతుంది."