పీచ్ చెట్టుకు చలికాలం

ఆ సోమవారం పొద్దున గోపీనాథ్ పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో ఉన్న పీచ్ చెట్టుకు చలికాలం తెప్పించాలి.

గుణదలలో చలికాలం దానంతట అది రాదు. పుష్యమాసంలో తెల్లవారుజామున కాస్త మంచు కురుస్తుంది, ఆఫీసుల వేళకు చొక్కా వీపుకు అంటుకుంటుంది. పీచ్ చెట్టు దీనికి ఒప్పుకోదు. అది ఆకులు రాల్చి, కొన్ని వారాలు చలిలో నిద్రపోయి, లేచాకే పూస్తుంది. ఆరేళ్ల కిందట బట్టల వ్యాపారుల సంఘం సిమ్లా యాత్రకు వెళ్లినప్పుడు గోపీనాథ్ ఆ మొక్కను తడి పంచెలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కాపు రాగానే సంఘంలో తలా ఒక పండు అని రైల్లోనే మాట ఇచ్చాడు. చెట్టు సన్‌షేడ్ దాటి పెరిగింది. ఒక్క పువ్వు పూయలేదు.

గవర్నర్‌పేటలో అతనికి చేనేత చీరల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆ వీధిలో అతని పేరు ఇప్పుడు సిమ్లా గోపీ. "ఏం గోపీ గారూ, సిమ్లాలో మంచు పడిందా?" అని అడగనిదే అక్కడ ఎవరికీ టీ దిగదు. అందుకే అతను రోజూ పళ్లు తోముకోక ముందే కళ్లజోడు పెట్టుకుని కొమ్మ కొమ్మా వెతికేవాడు. వెతికి, తిరిగి వచ్చి పళ్లు తోముకునేవాడు.

ఇంట్లో గడువు కూడా దగ్గర పడింది. తల్లి సంపూర్ణమ్మకు మోకాళ్ల నొప్పులు. బాత్‌రూమ్ పెరటి చివర ఉంది, మెట్లు దిగి వెళ్లాలి.

"మాఘం వెళ్లే లోపల పూత కనిపిస్తే సరే. లేదంటే కొట్టించేసి ఆ జాగాలో అత్తయ్యకి బాత్‌రూమ్ కట్టిస్తా," అని భార్య నాగవేణి చెప్పేసింది. "ఆవిడకి మోకాళ్లు, మీకు మొగ్గలు. ఏది ముందో మీరే చెప్పండి."

గోపీనాథ్ ఫోన్‌లో వీడియోలు చూశాడు. వేడి ఊళ్లలో ఆకులన్నీ చేత్తో దూసేస్తే చెట్టు చలికాలం వచ్చిందనుకుంటుందని ఒకాయన అన్నాడు. గోపీనాథ్ స్టూలు ఎక్కి ఒక్క ఆకు మిగల్చకుండా దూసేశాడు. "చెట్టుకి గుండు కొట్టించారా? ఏ దేవుడికి మొక్కారు?" అంది నాగవేణి. రెండు వారాలు పోయాక ఇంకో వీడియోలో ఇంకొకాయన చెట్టు మొదట్లో ఐస్ పెట్టి చూపించాడు. నిజానికి చలి కావాల్సింది కొమ్మల మీది మొగ్గలకు, వేళ్లకు కాదు. ఆ సంగతి రెండో ఆయనకు తెలిసినట్టు లేదు.

ఆ పొద్దున నాగవేణి పటమటలో చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆవిడ ఆటో మలుపు తిరిగాక గోపీనాథ్ దుకాణం గుమాస్తా చక్రికి ఫోన్ చేశాడు.

"చక్రీ, ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి నాలుగు దిమ్మలు ట్రాలీ ఆటోలో వేయించి ఇంటికి పంపించు."

"దిమ్మలా సార్? ఎందుకండీ?"

"అవన్నీ నీకెందుకయ్యా? నేనీవాళ దుకాణానికి రాను. ఎవరికీ ఏం చెప్పకు."

చెట్టుకని చెబితే మధ్యాహ్నానికి వీధి వీధంతా నవ్వుతుంది. అందుకని చెప్పలేదు. చక్రి దాన్ని తన వైపు నుంచి ఆలోచించాడు. యజమాని ఇంట్లో పెద్దావిడ ఉంది. పోయిన వారం ఆవిడకు ఆయాసం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చారు. ఇప్పుడు ఐస్ దిమ్మలంటున్నారు, దుకాణానికి రానంటున్నారు, అడిగితే విసుక్కుంటున్నారు. ఈ ఊళ్లో ఐస్ దిమ్మలు ఇంటికి వచ్చేది రెండింటికే. పెళ్లికి, చావుకి. పెళ్లయితే ఎవరికీ చెప్పొద్దనరు.

చక్రి ఎవరికీ చెప్పలేదు. పక్క దుకాణం వెంకటప్పయ్య గారికి మాత్రం చెప్పాడు, అదీ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. వెంకటప్పయ్య వ్యాపారుల సంఘానికి కార్యదర్శి. ఆయన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాడు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. వీధిలో షట్టర్లు సగం దించారు.

ఐస్ ఆటో వచ్చింది. డ్రైవర్ దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడ దింపమంటారండీ?"

"పెరట్లో."

"పెరట్లోనా అండీ?"

"లోపలైతే ఇల్లంతా నీళ్లు కారదూ?"

డ్రైవర్ దిమ్మలు దింపి, గోపీనాథ్ చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి సార్," అని వెళ్లిపోయాడు. ఐస్‌కు ధైర్యం దేనికో గోపీనాథ్‌కు అర్థం కాలేదు.

పక్కింటి ఎలిజబెత్ గారు గోడ మీంచి ఇదంతా చూశారు. ఆవిడ పెద్దాస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇలాంటివి ఆవిడకు చూడగానే తెలుస్తాయి.

"గోపీ గారూ, గోడ పక్కనే ఉన్నాం. మాకొక్క మాట చెప్పకూడదా?"

గోపీనాథ్ సిగ్గుపడ్డాడు. "చెప్పుకునేదేం కాదులెండి," అని తల దించుకున్నాడు.

ఎలిజబెత్ కళ్లు తుడుచుకున్నారు. ఈ రోజుల్లో కూడా దిమ్మల మీద పడుకోబెట్టడమేమిటి, మతి పని చెయ్యడం లేదు పాపం అనుకుని, లోపలికి వెళ్లి ఫ్రీజర్ బాక్స్ అద్దెకిచ్చే వాళ్లకు ఫోన్ చేశారు.

గోపీనాథ్ దిమ్మలు పగలగొట్టి చెట్టు మొదట్లో పేర్చాడు. పేర్చింది పేర్చినట్టే కరిగింది. పంచె తడిసి కాళ్లకు చుట్టుకుంది. గోనె సంచులు, రంపపు పొట్టు కప్పితే ఐస్ నిలుస్తుందని వీడియో ఆయన అన్నాడు కదా అని, తడి పంచెతోనే స్కూటర్ తీశాడు. ముందు గదిలో సంపూర్ణమ్మ నిద్రపోతోంది. చెవి మిషన్ తీసి దిండు పక్కన పెట్టుకుంది. బయట తాళం వేశాడు. ఫోన్ లోపలే ఛార్జింగ్‌లో ఉండిపోయింది.

పొట్టు మొదటి టింబర్ డిపోలో దొరకలేదు. రెండో డిపోలో ఓనరు పూజలో ఉన్నాడు. తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు ఒకటి వెళ్లింది, గేటు తియ్యలేదు, ఇంకొకటి వెళ్లింది.

వీధి మొదట్లోకి వచ్చేసరికి స్కూటర్ వెళ్లడానికి దారి లేదు. షామియానా గుంజలు, ప్లాస్టిక్ కుర్చీలు, అమ్మ పుట్టింటి ఊరు చల్లపల్లి నుంచి వచ్చిన వ్యాను, ఇంకో చిన్న వ్యానులో గాజుపెట్టె. తన గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సంపూర్ణమ్మ నవ్వుతోంది. కింద 'కన్నీటి నివాళి' అని ఉంది. దాని కింద అంతకంటే పెద్ద ఫోటోలో మేనమామ కొడుకు దుర్గాశంకర్ చేతులు జోడించి ఉన్నాడు. వాళ్ల వైపు చావైనా పెళ్లైనా పెత్తనం దుర్గాశంకర్‌ది. గ్రూపులో మాట చల్లపల్లికి చేరిన మరుక్షణం వ్యాను మాట్లాడి, దారిలోనే ఫోన్లు చేసి అన్నీ పురమాయించాడు.

గోపీనాథ్ ఫ్లెక్సీ రెండుసార్లు చదివాడు. పొట్టు మూట జారిపోయింది. తను అలా వెళ్లి ఇలా వచ్చేలోపు అమ్మ పోయింది. పోయిన సంగతి ఊరికంతా తెలిసి, ఫ్లెక్సీ అచ్చై, చివరికి తనకు తెలిసింది.

"అమ్మా!" అని రోడ్డు మీద కూలబడ్డాడు.

తడి పంచెతో కొడుకు కనబడగానే ఆడవాళ్లు గొల్లుమన్నారు. దుర్గాశంకర్ తల్లి మణెమ్మ వచ్చి అతని మెడ పట్టుకుంది.

"ఓ గోపయ్యో! నిన్నొదిలి ఎట్టా పోయిందిరా నాయనా!"

"ఎట్టా పోయిందత్తా?"

"నువ్వు చెప్పాలిరా తండ్రీ, మేమిప్పుడేగా వచ్చింది!"

దుర్గాశంకర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "తాళంచెవి ఏదిరా? ఫోన్ చేస్తే లోపల మోగుద్ది. శవాన్ని ఇంట్లో పెట్టి తాళమేసుకుపోయేవోణ్ణి నిన్నే చూశా."

"నేను తాళం వేసేటప్పుడు బాగానే ఉంది బావా. గుర్రు పెట్టి నిద్రపోతోంది."

ఏడుపులు ఆగాయి. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఐస్ పొద్దున్నే తెప్పించాడుగా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

వెంకటప్పయ్య తన కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఎలిజబెత్ గారు శిలువ గుర్తు వేసుకున్నారు. గోపీనాథ్ వణుకుతూ తాళం తీశాడు. పేర్చిన ఐస్ వల్ల వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. వెనకున్నవాళ్లు ఆ వణుకును కూడా లెక్కలో వేసుకున్నారు.

మంచం మీద సంపూర్ణమ్మ లేచి కూర్చుని చెవి మిషన్ వెతుక్కుంటోంది. అది దొరికాక చెవిలో పెట్టుకుని గుమ్మం వైపు చూసింది.

"ఎవర్రా పోయింది?"

వెనక నుంచి ఫ్రీజర్ బాక్స్ కుర్రాడు తల లోపలికి పెట్టి, "ప్లగ్గు ఎక్కడుందండీ?" అని అడిగాడు.

"మణెమ్మా, నువ్వెప్పుడొచ్చావే? కళ్లేంటి అట్టా వాచినయ్యి?"

"ఊరికే వదినా. చూసిపోదామని."

"చూసిపోడానికి ఇంతమందా?" ఎవరో మూసి ఉన్న కిటికీ తీశారు, ఫ్లెక్సీ కనబడింది. సంపూర్ణమ్మ దాన్ని కాసేపు చూసింది. "నేను పోతే నా బొమ్మ అంత చిన్నదీ, వీడిది అంత పెద్దదీనా?"

అప్పుడు నవ్వారు. గోపీనాథ్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని నవ్వాడు, ఏడ్చాడు. మరి ఐస్ ఎందుకని నిలదీస్తే చెప్పక తప్పలేదు. చెట్టుకని చెప్పాడు. చలి కోసమని చెప్పాడు. వెంకటప్పయ్య నవ్విన నవ్వుకు ప్లాస్టిక్ కుర్చీ కాలు వంగింది. "సిమ్లా ఇక్కడికే దిగింది! షట్టర్లు దించి సంతాపం పెట్టాం కదయ్యా నీ చెట్టుకి!" అన్నాడు. ఇన్నాళ్లలో మొదటిసారి ఆ మాటకు గోపీనాథ్‌కు కోపం రాలేదు. తల్లి బతికుంది. అంతకంటే ఏం కావాలి.

దుర్గాశంకర్ నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏ చెట్టురా?"

"పెరట్లో ఉన్నది ఒకటేగా బావా."

"ఆకూ అలమా లేకుండా, మోడులాగా... అదా?"

"అదే."

దుర్గాశంకర్ మెడ తడుముకున్నాడు. "ఎండిందనుకున్నాన్రా. ఇంతమందికి స్నానాలకి నీళ్లు కాచాలి కదా, కట్టెలకి ఎక్కడికి పోతాం, పెరట్లో వేసే షామియానాకి కూడా అడ్డం పోద్దని... కొడతా ఉంటే లోపల పచ్చిగానే ఉంది. అప్పటికే సగం తెగింది."

గోపీనాథ్ పెరట్లోకి వెళ్లాడు. వెనక అందరూ వెళ్లారు.

ఐస్ ముక్కలు గోడ వారగా జరిపి ఉన్నాయి. మొదలు తడిగా ఉంది. కొమ్మలు మోపు కట్టి పొయ్యి పక్కన పెట్టారు. గోపీనాథ్ మోపు విప్పి ఒక కొమ్మ తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. కొమ్మ పొడవునా మొగ్గలున్నాయి. కొసన గులాబీ రంగు తిరిగాయి. ఒకటి విచ్చుకోవడం మొదలుపెట్టింది. ఐస్ వీడియో చూసిన నాటి నుంచి అతను వేళ్లనే చూశాడు. పైకి చూడలేదు.

కొమ్మ ఒళ్లో పెట్టుకుని మొదలు పక్కన కూర్చున్నాడు. నాగవేణి పటమట నుంచి వచ్చింది. ఫ్లెక్సీ చూసి లోపలికి పరిగెత్తి, అత్తగారిని చూసి, అక్కడి నుంచి పెరట్లోకి వచ్చింది. మొదలు చూసింది, భర్త చేతిలో కొమ్మ చూసింది.

"మాఘం ఇంకా రానేలేదు కదా అన్నయ్య గారూ," అంది దుర్గాశంకర్‌తో.

దుర్గాశంకర్ చెప్పులు చూసుకున్నాడు.

గోపీనాథ్ ఏడ్చాడు. రోడ్డు మీద ఏడ్చినట్టు కాదు. చప్పుడు లేకుండా ఏడ్చాడు. వెంకటప్పయ్య ఏదో సరదాగా అనబోయి నోరు మూసుకున్నాడు. మణెమ్మ వచ్చి తడి నేల మీదే చతికిలబడి, అతని వీపు మీద చెయ్యి వేసింది. చల్లపల్లి నుంచి దారి పొడవునా సిద్ధం చేసుకున్న దుఃఖం ఆవిడ దగ్గర ఇంకా చాలా మిగిలి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో ముందు వైపు కుర్చీలు తెచ్చి పెరట్లో వేశారు. అందరూ కూర్చున్నారు. ఐస్ కరిగి కాళ్ల కిందికి వచ్చింది.

పొద్దు వాలాక దుర్గాశంకర్ లేచాడు. మిగిలినవాళ్లు లేచారు. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నారు.

"అన్నం తిని వెళ్లండర్రా," అని సంపూర్ణమ్మ కిటికీలోంచి కేకేసింది.

చావింటికి వచ్చినవాళ్లు అక్కడ తినకూడదు. ఎవరూ తినలేదు. వీధి వాళ్లు నడిచి వెళ్లారు, చల్లపల్లి వాళ్లు ఒకరి వెనక ఒకరు వ్యాను ఎక్కారు. వెళ్తూ ఒక్కరు కూడా వెళ్లొస్తామని అనలేదు.