అమ్మిరాజుగారు వేయించిన వంతెన

రాష్ట్ర చరిత్రలోనే తొలిసారిగా ఒక శాసనసభ్యుడు గేమ్ మెషీన్‌లోకి ప్రవేశించబోతున్నట్టు మా ఎమ్మెల్యే అమ్మిరాజుగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే ఫోన్‌లో యాప్ పెట్టించుకుని ఆగిపోయారని, తాను అంతకంటే లోతుకు వెళ్తున్నానని వివరించారు. కొత్తగా ఓటు వచ్చిన కుర్రకారుకు చేతిలో పట్టే గేమ్ మెషీన్ ఒక్కొక్కటి ఇస్తారు. అందులో ఒకే గేమ్ ఉంటుంది. దాని హీరో ఆయనే. లోతు ఎక్కడుందో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

మెషీన్లు వచ్చాక చిన్న ఇబ్బంది ఎదురైంది. అవి విదేశీ కంపెనీవి. ఆ కంపెనీ క్యాసెట్ పెడితేనే ఆడతాయి. బయటివాళ్లు చేసింది పెడితే నల్లతెర చూపించి ఊరుకుంటాయి.

"మెషీన్ మనది, బొమ్మ మనది, మధ్యలో వాడి పెత్తనమేంటి?" అని అమ్మిరాజుగారు ఆవేదన చెందారు.

ఆ ఆవేదనను ఒక మెషీన్‌తో పాటు సంచిలో వేసుకుని ఆయన పీఏ తాతాజీగారు తణుకులో హెలెన్ నడిపే ఫోన్ రిపేర్ షాపుకు వచ్చారు. పక్క జిరాక్స్ షాపులో పనిచేసేది నేనే. హెలెన్‌దీ నాదీ ఒకే ఊరు. అందుకే ఈ మహత్కార్యాన్ని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది.

హెలెన్ ఆ మెషీన్ పక్కనున్న సందులో వంచిన తీగముక్క ఒకటి దూర్చి, బటన్ నొక్కి ఆన్ చేసింది. కంపెనీ బొమ్మకు బదులు తాను రాసుకున్న మెనూ వచ్చింది.

"తాళం తీసేశావా? ఇది నేరం కాదు కదమ్మాయ్?" అన్నారు తాతాజీగారు.

"మెషీన్లు మీరు కొన్నవే కదండీ?"

"ఆయ్, కొన్నవే. అంటే, కాంట్రాక్టరు కొన్నాడు."

"అయితే పర్లేదండి. ఇక ఇంట్లో వండిన గేమైనా ఆడుతుంది."

ఆ గేమ్ కూడా తనే తయారుచేస్తానంది హెలెన్. డబ్బు మాత్రం అడగలేదు. మా ఊరికీ రోడ్డుకూ మధ్య కాలువ ఉంది. దాని మీద రెండు తాటిదుంగలు తప్ప ఇంకో దారి లేదు. బడిపిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని దాటుతారు. పోయిన వానాకాలంలో హెలెన్ వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడను మంచం మీద అవే దుంగల మీదుగా మోసుకెళ్లాం.

"మాకు వంతెన కావాలండి," అంది హెలెన్.

తాతాజీగారు వెంటనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. "నీ గేమ్ పూర్తయిన రోజే మీ వంతెన పూర్తయినట్టమ్మా!" అని అమ్మిరాజుగారి గొంతు మోగింది. ఆ సంతోషంలో నేను ఎవరిదో ఆధార్ కార్డు పది కాపీలు తీసేశాను.

గేమ్ తయారయ్యాక ఎమ్మెల్యేగారి ఆఫీసులో ప్రదర్శన జరిగింది. హెలెన్‌కు తోడుగా నేనూ వెళ్లాను. తెర మీద మూడు గుండెలు చూసి తాతాజీగారు ఉలిక్కిపడ్డారు.

"ఇవేంటి?"

"ప్రాణాలండి. కింద పడితే ఒకటి పోతుంది."

"సార్‌కి మూడేనా? తీసెయ్ తీసెయ్, అరిష్టం."

ప్రాణాల లెక్క తీసేశారు. అరవై ఏళ్ల పెద్దమనిషి తెల్లపంచెతో కాలువ గెంతడం మర్యాదగా లేదన్నారు. గెంతడం తీసేశారు. నడవడం మిగిలింది.

"సార్ నడవరు కదా," అన్నాడు గన్‌మన్.

అదీ నిజమే. కారు పెట్టారు. కారు కాలువ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆగిందేం?" అన్నారు అమ్మిరాజుగారు.

"వంతెన లేదండి."

"వేసెయ్!"

ప్రజల కష్టానికి ఇంత వేగంగా స్పందించిన నాయకుణ్ణి నేనెరగను. ఫైలు లేదు, టెండరు లేదు. భోజనాలకు లేచేలోపు వంతెన వచ్చేసింది.

అమ్మిరాజుగారు కారు దాటించారు. వెనక్కి తెచ్చి మళ్లీ దాటించారు. కలెక్టరుగారు ఫోన్ చేస్తే, "వంతెన మీదున్నానండి," అని పెట్టేశారు.

"భలే మెత్తగా పోతోందమ్మా! ఒక్క గొయ్యీ తగల్లేదు."

"గోతులు పెట్టమంటారా అండి?"

ఆయన దీర్ఘంగా ఆలోచించారు. "ఒకటి పెట్టు. లేకపోతే మన హయాంలో వేసిందంటే ఎవడు నమ్ముతాడు?"

హెలెన్ గొయ్యి పెట్టి, మెల్లిగా అడిగింది. "సార్, మా ఊరి వంతెన..."

"పూర్తయింది కదమ్మా!" ఆయన తెర వైపు చూపించారు. "ఇది మీదే. మీ ఊరి పేరు రాసెయ్. ఆదివారం మీ ఊళ్లోనే ప్రారంభోత్సవం."

హెలెన్ ఆయన ముఖం చూసింది. తర్వాత ఊరి పేరు రాసింది.

ఆదివారం కార్లన్నీ అవతలి ఒడ్డున ఆగాయి. కాలువ నిండా గుర్రపుడెక్క. అమ్మిరాజుగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దుంగల మీద మోసుకొచ్చారు. దాటినంతసేపూ ఆయన కళ్లు తెరవలేదు. తెలిసిన దేవుళ్లందరూ అయిపోయాక ఏసుప్రభువును కూడా తలచుకున్నారని తాతాజీగారు గర్వంగా చెప్పారు.

షామియానా కింద పెద్ద తెర పెట్టారు. గేమ్ మెషీన్‌కు కట్టిన రిబ్బను ఎమ్మెల్యేగారు కత్తిరించారు. తెర మీద కారు కదిలింది. గోతిలో పడి ఎగిరింది. అంతవరకూ అనుమానంగా చూస్తున్నవాళ్లు కూడా అప్పుడు నమ్మి చప్పట్లు కొట్టారు.

ముందు వరసలోంచి మా ఊరి ముసలావిడ పెద్దింట్లమ్మ లేచింది. "బాబూ, దాని మీద నా మేకని తోలుకెళ్లొచ్చా?"

"కారే వెళ్తోంటే మేకెంతమ్మా!"

"మరి ఎటుపక్క నుంచి ఎక్కాలి?"

"వచ్చే అప్‌డేట్‌లో మేకకి అవకాశం కల్పిస్తాం, కూర్చోండి," అన్నారు తాతాజీగారు.

అమ్మిరాజుగారు మైకు అందుకున్నారు. "ఈ క్షణం నుంచి ఈ ఊరికి తాటిదుంగల బతుకు లేదు!"

అవతలి ఒడ్డున ఇంజనీరు రాజ్ కుమార్‌గారు ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు. మైకులో వచ్చిన మాటను ఆదేశంగా తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. ట్రాక్టరుకు తాడు కట్టి దుంగలు రెండూ తనవైపు లాగించారు. "అధికారిక వంతెన ప్రారంభమైనందున అనధికారికంగా దాటే ఏర్పాటు తొలగించడమైనది," అని తాతాజీగారికి మెసేజ్ పెట్టి, ఆదివారం కనుక ఫోన్ ఆపేసి, ట్రాక్టరుతో పాటే వెళ్లిపోయారు.

పులిహోర తిని, దండలతో ఎమ్మెల్యేగారు ఒడ్డుకు వచ్చారు. సాయంత్రం రాజమండ్రిలో పెద్దల సమావేశం. మంత్రి పదవుల సంగతి అక్కడే తేలుతుందట. అవతల డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"దుంగలేవి?" అన్నారు అమ్మిరాజుగారు.

"తీసుకెళ్లిపోయారు బాబూ. వంతెనొచ్చింది కదా," అంది పెద్దింట్లమ్మ.

"ఇంకో దారి?"

"లేకే కదండీ మిమ్మల్ని అడిగింది," అంది హెలెన్. రిబ్బను ముక్క వేలాడుతున్న మెషీన్‌ను రెండు చేతులా, ఎంతో మర్యాదగా ఆయనకు అందించింది.

అమ్మిరాజుగారు కాలువను చూశారు. కారును చూశారు. చేతిలోని మెషీన్‌ను చూశారు.

"చార్జింగ్ ఎంతుందమ్మా?" అన్నారు.